తక్కువ ఖర్చుతో ఇంటి ఎలక్ట్రానిక్స్ ల్యాబ్: పని డైరీ

జనవరి, మొదటి వారం

ఈ ల్యాబులో ఏం చేయాలో తేల్చుకోకుండా ఏం కొనాలో రాసుకోవడం వృథా అనిపించి, పరికరాల జాబితా కంటే ముందు పనుల జాబితా రాశాను. మైక్రోకంట్రోలర్ బోర్డులతో సెన్సర్లు నడపడం, చిన్న ఆడియో యాంప్లిఫయర్లు కట్టడం, బ్యాటరీతో నడిచే వస్తువులను బాగుచేయడం, పాత ల్యాప్‌టాప్ ప్యాకుల్లోని లిథియం సెల్లులలో ఇంకా పనికొచ్చేవాటిని ఏరడం నేను చేయదలచిన పనులు. రేడియో పౌనఃపున్యాల పని, ఇంటి కరెంటుకు నేరుగా తగిలి ఉండే సర్క్యూట్ల మరమ్మతు ఈ ల్యాబులో ఉండవని కూడా అక్కడే రాసుకున్నాను. ఈ రెండింటినీ కొట్టివేసేసరికి స్పెక్ట్రమ్ అనలైజరు, ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు, హై వోల్టేజి డిఫరెన్షియల్ ప్రోబు వాటంతటవే జాబితా నుంచి తప్పుకున్నాయి. ఖర్చు తగ్గించడంలో ఇంతకంటే పెద్ద అడుగు ఈ డైరీలో ఇంకెక్కడా ఉండకపోవచ్చు.

కొనుగోలుకు పెట్టుకున్న నియమం ఇది: చేతిలో ఉన్న పని ఫలానా కొలత దొరకక ఆగిపోయినప్పుడే ఆ కొలతకు కావలసిన పరికరం కొనాలి. ప్రాణానికి, ఒంటికి రక్షణ ఇచ్చే వస్తువులకు మాత్రం ఈ నియమం వర్తించదు. అవి మొదటి రోజే ఉండాలి. అందుకే బల్ల వెయ్యకముందే సాకెట్‌లో ఎర్త్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించి, 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే కరెంటు తెంపివేసే ఆర్‌సీడీ పెట్టించాను. బల్ల మీదికి వచ్చే కరెంటు అంతా ఒకే స్విచ్చుతో ఆగేలా, ఆ స్విచ్చు బల్ల మీదికి వంగకుండానే చేతికి అందేలా ఏర్పాటు చేసుకున్నాను.

బల్ల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కదలని బల్ల, ఎదురుగా కాక పక్కనుంచి పడే వెలుతురు, ఒక భూతద్దం ఉంటే చాలు. బల్ల మీద పరచడానికి దొరికే సిలికాన్ మ్యాటు వేడికి తట్టుకుంటుంది కాని, మామూలు సిలికాన్ విద్యుత్ బంధకం కనుక స్థిర విద్యుత్తును పోనివ్వదు. దాన్ని ఈఎస్‌డీ (స్థిర విద్యుత్తు నుంచి భాగాలను కాపాడే) మ్యాటుగా భావించకూడదు. మాస్‌ఫెట్లతో (స్థిర విద్యుత్తుకు తేలిగ్గా దెబ్బతినే ఒక రకం ట్రాన్సిస్టర్లు) పని చేసేటప్పుడు చేతికి కట్టుకునే పట్టీ వేరే తీసుకున్నాను. పట్టీ తీగలో 1 మెగాఓం రెసిస్టర్ వరుసలో ఉండాలి. ఒంటి మీది స్థిర విద్యుత్తు నెమ్మదిగా భూమిలోకి పోవడానికి ఆ విలువ చాలు, పొరపాటున కరెంటు తీగ తగిలినా ఒంట్లో ప్రమాదకరమైన కరెంటు పారనివ్వకుండా అదే అడ్డుకుంటుంది. కట్టుకునే ముందు ఆ రెసిస్టర్ నిజంగా ఉందో లేదో మీటరుతో చూసుకోవాలి.

జనవరి, చివరి వారం: మీటర్లు

మీటరు కోసం కేటాయించిన వాటాతో ఒక మంచి మీటరు కొనవచ్చు, లేదా ఒక మధ్యరకం, ఒక చవకరకం కలిపి రెండు కొనవచ్చు. నేను రెండు తీసుకున్నాను. వోల్టేజినీ కరెంటునూ ఒకేసారి చూడవలసిన సందర్భాలు హాబీ పనిలో తరచుగా వస్తాయి. అంతకంటే ముఖ్యం, ఒక్క మీటరే ఉంటే అది చెప్పినదే సత్యం. రెండున్నప్పుడు అవి ఏకీభవించకపోతే అనుమానం మొదలవుతుంది, ఆ అనుమానం నుంచే చాలా లోపాలు బయటపడతాయి.

కొనే ముందు వెనుక మూత తీసి చూడదగిన విషయం ఫ్యూజు. ఇసుక నింపిన సిరామిక్ ఫ్యూజు పెద్ద కరెంటు తెగినప్పుడు పుట్టే ఆర్క్‌ను అణచగలదు, చిన్న గాజు ఫ్యూజు ఆ పని చేయలేక పగిలిపోగలదు. ముఖం మీద క్యాట్ త్రీ (ఇంటి వైరింగు మీద కొలవడానికి తగిన భద్రతా స్థాయి) అని అచ్చువేసి, లోపల గాజు ఫ్యూజుతో సరిపెట్టే మీటర్లు చవకరకంలో సర్వసాధారణం. నా చవక మీటరు అటువంటిదే కాబట్టి, 50 వోల్టులు దాటిన చోట దాన్ని వాడకూడదని దాని మీదే రాసి అతికించాను.

2000 కౌంట్ల (తెర మీద చూపగల మెట్ల సంఖ్య) మీటరులో 3.3 వోల్టుల సప్లయి 3.30 అని కనిపిస్తుంది, 6000 కౌంట్ల మీటరులో 3.300 అని కనిపిస్తుంది. ఆ చివరి అంకె కనిపించినంత మాత్రాన అది నిజమని కాదు. సరిచూసుకోవడానికి టీఎల్431 అనే వోల్టేజి రిఫరెన్సు చిప్పును వాడాను. దాని నామమాత్రపు విలువ 2.495 వోల్టులు, ఒక శాతం రకంలో అది 2.470 నుంచి 2.520 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. రెండు మీటర్లూ ఆ హద్దుల లోపలే, ఒకదానికొకటి కొన్ని మిల్లీవోల్టుల తేడాలోనే చూపించాయి. దీన్ని కాలిబ్రేషన్ అనడానికి వీలులేదు. ఏ మీటరూ పూర్తిగా దారి తప్పలేదని మాత్రం తెలిసింది, నా పనులకు అంతవరకు చాలు.

మీటరు తానే సర్క్యూట్‌లో భాగమవుతుందన్న సంగతిని అంకెల్లో చూడడానికి ఒక చిన్న ప్రయోగం చేశాను. 5 వోల్టులకు రెండు 1 మెగాఓం రెసిస్టర్లను వరుసగా కలిపితే మధ్యలో 2.5 వోల్టులు ఉండాలి. 10 మెగాఓంల ఇన్‌పుట్ ఉన్న మీటరు పెడితే 2.38 మాత్రమే కనిపిస్తుంది. కరెంటు కొలతలో ఇదే చిక్కు ఇంకా తీవ్రంగా ఉంటుంది. మైక్రోఆంపియర్ రేంజిలో చాలా మీటర్ల లోపలి షంటు (కరెంటును కొలిచే రెసిస్టర్) 100 ఓంల వరకు ఉంటుంది. నిద్రలో కొన్ని మైక్రోఆంపియర్లు మాత్రమే తీసుకునే మైక్రోకంట్రోలర్ మేల్కొని 20 మిల్లీఆంపియర్లు లాగిందంటే, ఆ షంటు మీదే 2 వోల్టులు పోయి, చిప్పు రీసెట్ అయిపోతుంది. అప్పుడు మీటరు చూపించేది నిద్రలోని కరెంటు కాదు, పదేపదే రీసెట్ అవుతున్న బోర్డు కరెంటు. దీనికి నేను చేసుకున్న ఏర్పాటు, సప్లయి తీగలో 10 ఓంల ఒక శాతం రెసిస్టర్‌ను పెట్టి దాని మీది మిల్లీవోల్టులను కొలవడం, నిద్రలోని కరెంటు చూడవలసి వచ్చినప్పుడు బోర్డు పూర్తిగా నిద్రలోకి వెళ్లాకే మైక్రోఆంపియర్ రేంజిని కలపడం.

ఫిబ్రవరి: సోల్డరింగ్

ఉష్ణోగ్రత నియంత్రణ లేని చవక ఐరన్‌తో మొదలుపెట్టి తరవాత మంచిది కొనుక్కోవచ్చన్న సలహా తరచుగా వినిపిస్తుంది. నాకు అది పొదుపుగా అనిపించలేదు. అటువంటి ఐరన్ ఊరికే ఉన్నప్పుడు మితిమీరి వేడెక్కి టిప్పును నల్లబరుస్తుంది, పెద్ద ప్యాడ్‌కు తాకించగానే చల్లబడిపోతుంది. టీ12 రకం కార్ట్రిడ్జి టిప్పులతో పనిచేసే స్టేషను తీసుకున్నాను. హీటరు, ఉష్ణోగ్రతను పసిగట్టే థర్మోకపుల్ రెండూ టిప్పులోనే కలిసి ఉండడం వల్ల వేడి తగ్గిన క్షణంలోనే కంట్రోలరుకు తెలుస్తుంది. ఇటువంటి స్టేషన్లలో కొన్నింటికి టిప్పు నుంచి ఎర్త్‌కు దారి ఉండదు కనుక, వాడకముందే ప్లగ్గులోని ఎర్త్ పిన్నుకు, టిప్పుకు మధ్య నిరోధం కొలిచాను. అది ఒకటి రెండు ఓంలు దాటకూడదు.

సోల్డరు విషయంలో 63/37 తగరం, సీసం మిశ్రమాన్నే ఎంచుకున్నాను. అది 183 డిగ్రీల వద్ద ఒక్కసారిగా కరిగి, ఒక్కసారిగా గడ్డకడుతుంది. 60/40 రకంలో ఉండే మెత్తటి మధ్యస్థితి దీనికి లేదు కనుక, చల్లారేలోగా కదిలి జాయింటు చెడే అవకాశం తక్కువ. సీసం లేని ఎస్ఏసీ305 మిశ్రమం కరగడానికి 217 నుంచి 220 డిగ్రీలు కావాలి. టిప్పును 320 నుంచి 350 మధ్య ఉంచితే నా పనులన్నీ జరిగిపోతున్నాయి. సీసం ఈ ఉష్ణోగ్రతల్లో చెప్పుకోదగినంతగా ఆవిరి కాదు. కంటికి కనిపించే పొగ ఫ్లక్సుది (సోల్డరు బాగా అంటుకునేలా చేసే పదార్థం). అయితే ఆ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు, సీసం వేళ్లకు అంటుకుని నోటికి చేరగలదు. పాత కంప్యూటరు నుంచి తీసిన 12 వోల్టుల ఫ్యానుకు కార్బన్ ఫిల్టరు బిగించి పొగను పక్కకు లాగేలా పెట్టాను. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవడం, ఆ బల్ల మీద ఏమీ తినకపోవడం మిగిలిన జాగ్రత్తలు.

సూదిమొన టిప్పు చూడడానికి సున్నితమైన పనికి తగినదనిపిస్తుంది కాని, అది తాకే వైశాల్యం తక్కువ కావడంతో వేడి సరిగా దిగదు. 2.4 మిల్లీమీటర్ల ఉలిమొన టిప్పు ఒక్కటే నా పనిలో చాలా భాగం చేస్తోంది.

మార్చి: పవర్ సప్లయి

పాత కంప్యూటరులోని ఏటీఎక్స్ సప్లయిని బెంచ్ సప్లయిగా మార్చుకోవడం బాగా ప్రచారంలో ఉన్న పద్ధతి. ఆకుపచ్చ తీగను గ్రౌండుకు కలిపితే అది ఆన్ అవుతుంది, 3.3, 5, 12 వోల్టులు సిద్ధంగా దొరుకుతాయి. నాకు ఖర్చు లేకుండా దొరికినా దాన్ని పక్కన పెట్టాను. ప్రయోగం చేసే బల్ల మీద సప్లయి నుంచి నేను కోరుకునే మొదటి గుణం వోల్టేజి కాదు, కరెంటుకు హద్దు. ఏటీఎక్స్ సప్లయి తన రక్షణ పనిచేసేలోపు పదుల ఆంపియర్లు ఇవ్వగలదు. సర్క్యూట్‌లో చిన్న షార్టు ఉంటే తీగ, బోర్డు కాలిపోయే వరకు అది కరెంటు పంపుతూనే ఉంటుంది.

దాని బదులు 19 వోల్టుల పాత ల్యాప్‌టాప్ అడాప్టరుకు, వోల్టేజినీ కరెంటునూ విడివిడిగా నియంత్రించే ఒక బక్ కన్వర్టర్ (స్విచ్చింగ్‌తో వోల్టేజిని తగ్గించే) మాడ్యూలును జోడించాను. ఇంటి కరెంటు తాలూకు ప్రమాదకర భాగమంతా సీలు వేసిన అడాప్టరులోనే ఉండిపోతుంది. స్విచ్చింగ్ రకం కావడంతో దీని అవుట్‌పుట్‌లో అలజడి ఉంటుంది. ఆడియో పనికి అది పనికిరాదు. అందుకని దాని వెనుక ఎల్ఎం317 అనే వోల్టేజి రెగ్యులేటరు చిప్పుతో ఒక లీనియర్ (స్విచ్చింగ్ లేని) దశ కట్టాను. బాబ్ డాబ్కిన్ నేషనల్ సెమీకండక్టర్‌లో 1976లో రూపొందించిన ఈ చిప్పు ఇప్పటికీ ఎక్కడైనా దొరుకుతుంది. నేరుగా 19 వోల్టుల నుంచి 3.3కు దించుతూ అర ఆంపియరు లాగితే ఆ చిప్పులో 7.85 వాట్లు వేడిగా మారతాయి, పెద్ద హీట్ సింక్ లేకుండా అది నిలవదు. బక్ దశను 6.5 వోల్టులకు తగ్గించి పెడితే అదే పనికి 1.6 వాట్లు మాత్రమే వృథా అవుతాయి. చిన్న అల్యూమినియం రేకు సరిపోతుంది.

ఎల్ఎం317 డేటాషీట్ బొమ్మల్లో, అవుట్‌పుట్ వోల్టేజిని నిర్ణయించే రెండు రెసిస్టర్లలో పై రెసిస్టర్ 240 ఓంలుగా కనిపిస్తుంది. ఆ చిప్పు రెగ్యులేషన్‌లో ఉండడానికి కావలసిన కనీస లోడు గరిష్ఠంగా 10 మిల్లీఆంపియర్ల వరకు ఉండవచ్చని అదే డేటాషీట్ చెబుతుంది. 240 ఓంలతో 5 మిల్లీఆంపియర్లే పారతాయి కనుక, లోడు లేనప్పుడు అవుట్‌పుట్ పైకి జారే అవకాశం ఉంది. నేను 120 ఓంలు వాడాను. 5 వోల్టులకు కింది రెసిస్టర్ 360 ఓంలు అవుతుంది.

కొత్త బోర్డుకు మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు పాటిస్తున్న పద్ధతి: కరెంటు హద్దును 50 మిల్లీఆంపియర్లకు పెట్టి, వోల్టేజిని సున్నా దగ్గర నుంచి నెమ్మదిగా పెంచడం. హద్దు పెట్టాం కదా అని 12 వోల్టుల దగ్గర ఉన్న సప్లయికి ఎల్ఈడీని నేరుగా తగిలిస్తే అది మాడిపోగలదు, ఎందుకంటే అవుట్‌పుట్‌లోని కెపాసిటరుకు ఈ హద్దుతో సంబంధం లేదు. 470 మైక్రోఫారడ్ల కెపాసిటర్ 12 వోల్టుల దగ్గర దాదాపు 34 మిల్లీజౌళ్ల శక్తిని దాచుకుని, ఆ క్షణంలోనే కుమ్మరిస్తుంది.

ఏప్రిల్: లోడు, దానితో వచ్చిన చిక్కు

సప్లయిని పరీక్షించాలన్నా, పాత సెల్లుల సామర్థ్యం తెలుసుకోవాలన్నా స్థిరమైన కరెంటు లాగే లోడు కావాలి. దీన్ని కొనవలసిన అవసరం లేదు. ఒక ఎల్ఎం358 ఆప్‌యాంప్ (రెండు ఇన్‌పుట్ల తేడాను పెంచే చిప్పు), ఒక పవర్ మాస్‌ఫెట్, 1 ఓం 5 వాట్ల రెసిస్టర్, ఒక పొటెన్షియోమీటర్ ఉంటే చాలు. ఆప్‌యాంప్ ఒక ఇన్‌పుట్‌కు 0.5 వోల్టు ఇస్తే, రెసిస్టర్ మీద కూడా 0.5 వోల్టు వచ్చేవరకు అది మాస్‌ఫెట్‌ను తెరుస్తుంది, అంటే అర ఆంపియరు పారుతుంది. మాస్‌ఫెట్ ఎంపికలో కొత్తది, ఖరీదైనది మేలన్న లెక్క ఇక్కడ తిరగబడుతుంది. స్విచ్చింగ్ కోసం తయారైన ఆధునిక ట్రెంచ్ రకాలలో చాలావాటికి సగం తెరిచి ఉంచి వేడిని భరించే శక్తి తక్కువ, పాత తరం ఐఆర్ఎఫ్‌పీ250 దీనికి మెరుగు. హీట్ సింక్‌గా పాత కంప్యూటరు ప్రాసెసర్ కూలరును ఫ్యానుతో సహా వాడాను.

కట్టిన లోడు పనిచేసింది, కాని రెండు మీటర్లూ రెండు మాటలు చెప్పాయి. వరుసలో ఉన్న మీటరు చూపిన కరెంటుకు, సెన్స్ రెసిస్టర్ (ఆ 1 ఓం రెసిస్టర్) మీద రెండో మీటరు కొలిచిన మిల్లీవోల్టులకు పొత్తు కుదరలేదు. పైగా గేటు తీగ దగ్గరకు చెయ్యి తీసుకుపోతే రీడింగు మారుతోంది. ఈ లక్షణం చూస్తే సర్క్యూట్ ఆసిలేట్ అవుతోందని (తనంతట తాను ఊగిసలాడుతోందని) ఊహించడం కష్టం కాదు. మాస్‌ఫెట్ గేటు ఆప్‌యాంప్‌కు పెద్ద కెపాసిటరులా కనిపించి, ఫీడ్‌బ్యాక్‌లో ఆలస్యం తెస్తుంది. అయితే ఆసిలేషన్ ఎంత పౌనఃపున్యంలో ఉందో, నేను చేసే మార్పుకు అది నిజంగా ఆగిందో లేక తగ్గి దాక్కుందో మీటరుతో తెలియదు. జనవరిలో పెట్టుకున్న నియమం ప్రకారం ఆసిలోస్కోపు (వోల్టేజి మార్పులను తెర మీద గీసి చూపే పరికరం) కొనవలసిన సమయం ఇదే.

మే: ఆసిలోస్కోపు

ఇప్పటివరకు మిగిల్చిన డబ్బులో ఎక్కువ భాగం దీనికే పోతుంది కనుక ప్రత్యామ్నాయాలను నిదానంగా చూశాను. కంప్యూటరు సౌండ్ కార్డు ఇన్‌పుట్ దాదాపు 20 కిలోహెర్ట్జ్ వరకే చూడగలదు, డీసీని అసలు పంపదు. డీఎస్‌వో138 కిట్టు 200 కిలోహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌తో (సరిగా చూడగల పౌనఃపున్యాల హద్దు) నేర్చుకోవడానికి ముచ్చటగా ఉంటుంది. కాని, 0.35ను బ్యాండ్‌విడ్త్‌తో భాగిస్తే వచ్చే రైజ్ టైమ్ (సంకేతం పైకి లేవడానికి పట్టే సమయం) దానికి 1.75 మైక్రోసెకన్లు, అంతకంటే పదునైన అంచులన్నీ దానిలో ఒకేలా మొద్దుగా కనిపిస్తాయి. వాడిన అనలాగ్ స్కోపు ధరకు మించిన పని చేస్తుంది, అయితే ఒక్కసారే జరిగే సంఘటనను, ఉదాహరణకు స్విచ్చు వేసిన క్షణంలో సప్లయి ఎగిసిపడడాన్ని, పట్టి నిలిపి చూపలేదు. నా పనిలో సగం అటువంటివే.

చివరికి 50 మెగాహెర్ట్జ్, రెండు ఛానెళ్ల డిజిటల్ స్కోపు తీసుకున్నాను. 50 అంటే ఆ పౌనఃపున్యంలోని సైను తరంగం అసలు ఎత్తులో 70 శాతంగా మాత్రమే కనిపిస్తుందని గుర్తుంచుకోవాలి. చతురస్ర తరంగం ఆకారం నమ్మదగినట్లు కనబడాలంటే 10 మెగాహెర్ట్జ్‌తో సరిపెట్టుకోవాలి. మైక్రోకంట్రోలర్ పనులకు ఇది ధారాళం.

మొదట చేసిన పని ప్రోబుల సర్దుబాటు. స్కోపు ఇచ్చే 1 కిలోహెర్ట్జ్ చతురస్ర తరంగాన్ని చూస్తూ, 10ఎక్స్ (సంకేతాన్ని పదో వంతుకు తగ్గించే) ప్రోబులోని చిన్న స్క్రూను అంచులు పైకి పొడుచుకురాకుండా, గుండ్రంగా అరగకుండా సమంగా వచ్చేవరకు తిప్పాలి. ప్రోబు గ్రౌండ్ క్లిప్పు నేరుగా గోడ ఎర్త్‌కు కలిసి ఉంటుందన్నది మరువరాని విషయం. ఎర్త్‌తో సంబంధమున్న సర్క్యూట్‌లో ఆ క్లిప్పును గ్రౌండు కాని చోట పెడితే అక్కడికక్కడే షార్టు అవుతుంది.

లోడు దగ్గరకు వచ్చి చూస్తే, గేటు మీద వందల కిలోహెర్ట్జ్‌లో నిండైన సైను తరంగం కనిపించింది. గేటుకు వరుసగా 100 ఓంలు, సెన్స్ రెసిస్టర్ నుంచి ఆప్‌యాంప్ ఇన్‌పుట్‌కు వెళ్లే దారిలో 1 కిలోఓం, ఆప్‌యాంప్ అవుట్‌పుట్ నుంచి అదే ఇన్‌పుట్‌కు ఒక చిన్న కెపాసిటర్ పెట్టాను. 1 నానోఫారడ్‌కు ఎత్తు తగ్గిందే తప్ప ఆసిలేషన్ ఆగలేదు. 10 నానోఫారడ్లకు పూర్తిగా ఆగింది. రెండు మీటర్లూ ఇప్పుడు ఒకే మాట చెబుతున్నాయి.

జూన్: విడిభాగాలు, లాజిక్ అనలైజరు

ఈ12 అనే ప్రామాణిక రెసిస్టర్ విలువల శ్రేణిలో 10 ఓంల నుంచి 1 మెగాఓం వరకు 61 విలువలు వస్తాయి. అన్నింటినీ సమానంగా కొనడం కంటే 100, 330, 1 కే, 4.7 కే, 10 కే, 100 కే విలువలను వందల్లో, మిగిలినవాటిని పదుల్లో ఉంచుకోవడం మేలు. 100 నానోఫారడ్ల సిరామిక్ కెపాసిటర్లు ఎన్ని ఉన్నా చాలవు. వై5వీ రకం సిరామిక్‌లను మాత్రం వదిలేశాను; ఉష్ణోగ్రత మారితే వాటి విలువలో 82 శాతం వరకు పోవచ్చని వాటి ప్రమాణమే ఒప్పుకుంటుంది. పాత బోర్డుల నుంచి ఊడదీసిన భాగాలను ఏటీమెగా328తో నడిచే కాంపొనెంట్ టెస్టరులో పెట్టి వేరుచేస్తున్నాను. మార్కస్ ఫ్రేయెక్ మొదలుపెట్టగా కార్ల్-హైన్జ్ క్యూబెలర్ ఎంతో విస్తరించిన ఈ ప్రాజెక్టు మీటరు ధరలో చిన్న వంతుకే ట్రాన్సిస్టర్ కాళ్లను, కెపాసిటర్ ఈఎస్ఆర్‌ను (లోపలి నిరోధాన్ని) చెబుతుంది. కెపాసిటరును డిశ్చార్జి చేయకుండా అందులో పెడితే ఆ చిప్పుకు అదే ఆఖరి పరీక్ష.

8 ఛానెళ్లు, 24 మెగాహెర్ట్జ్ వేగం గల చవక లాజిక్ అనలైజరు, దానికి తోడు ఉచితంగా దొరికే సిగ్‌రాక్ సాఫ్ట్‌వేర్ ఈ ల్యాబులో పెట్టిన ఖర్చుకు అత్యధిక ఫలితం ఇచ్చిన జత. ఐ2సీ (చిప్పులు రెండు తీగల మీద మాట్లాడుకునే పద్ధతి) సంభాషణను బైట్లుగా విప్పి చూపిస్తుంది. కాని అది చూసేది సున్నా, ఒకటి మాత్రమే. ఒక సెన్సరు పొడవాటి తీగతో అప్పుడప్పుడు జవాబివ్వకపోవడానికి కారణం అనలైజరులో కనబడలేదు, స్కోపులో కనబడింది. లైను కెపాసిటెన్సు 200 పికోఫారడ్ల వరకు ఉన్నచోట 10 కిలోఓంల పుల్-అప్‌తో (లైనును పై వోల్టేజికి లాగే రెసిస్టర్) రైజ్ టైమ్ 1.7 మైక్రోసెకన్లకు చేరుతుంది. ఐ2సీ ప్రామాణిక వేగంలో అనుమతి 1 మైక్రోసెకను వరకే. 4.7 కిలోఓంలకు మారిస్తే అది 0.8కి దిగి, సెన్సరు నిలకడగా మాట్లాడుతోంది.

జాబితాలో ఇంకా కొననివి ఫంక్షన్ జనరేటరు, హాట్ ఎయిర్ స్టేషను. మొదటిదాని పని ప్రస్తుతానికి మైక్రోకంట్రోలర్ పీడబ్ల్యూఎం (వెడల్పు మార్చగల పల్సులు), ఒక ఆర్‌సీ (రెసిస్టర్, కెపాసిటర్) ఫిల్టరు కలిసి నడుపుతున్నాయి. రెండోది, నాలుగు పక్కలా కాళ్లున్న చిప్పును ఊడదీయవలసిన మరమ్మతు వచ్చేదాకా వాయిదా. ఇప్పుడు బల్ల మీద ఉన్న పని పాత ప్యాకులోని సెల్లులను 4.2 వోల్టుల నుంచి 3.0 వోల్టుల వరకు అర ఆంపియరు చొప్పున డిశ్చార్జి చేయడం. 3.0 దగ్గర లోడును తనంతట తాను ఆపే కంపారేటర్ (రెండు వోల్టేజిలను పోల్చే) భాగాన్ని టీఎల్431 ఆధారంగా కట్టాలి. అది పూర్తయ్యేవరకు డిశ్చార్జి జరుగుతున్నంతసేపు పక్కనే కూర్చోవలసి ఉంటుంది.